దేశానికో చట్టం, చట్టానికో భయం



1943 మార్చి 27, రాత్రి వేళ. నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం. అప్పటికి ఆ దేశం హిట్లర్ సైన్యం గుప్పిట్లో ఉంది. పోలీసు దుస్తుల్లో ఉన్న కొందరు ఒక ప్రభుత్వ కార్యాలయానికి వచ్చారు. సోదా చేయాలంటూ లోపలికి వెళ్లారు. కాపలావాళ్లకు మత్తుమందు ఇచ్చి, ప్రాణహాని లేకుండా బయటికి చేర్చారు. తర్వాత సొరుగులన్నీ లాగి, కాగితాలు నేలమీద కుప్ప పోశారు. పేలుడు పదార్థాలు పెట్టి వెళ్లిపోయారు. కాసేపట్లో భవనం అంటుకుంది.

వాళ్లు పోలీసులు కారు, దొంగలూ కారు. ఒకరు చిత్రకారుడు, పేరు విలెం అరొండేయస్. ఇంకొకరు శిల్పి, హెరిట్ ఫాన్ డెర్ ఫేన్. వైద్య విద్యార్థులు కూడా వెంట ఉన్నారు. మంటలార్పడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి సంగతి అర్థమైంది. తాపీగా పని మొదలుపెట్టారు. కాలకుండా మిగిలిన కాగితాలు కూడా పాడైపోవాలని నీళ్లు మరింతగా కుమ్మరించారు.

ఇంతకీ ఆ కాగితాల్లో ఏముంది? ఊళ్లోవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, మతం. యుద్ధానికి ముందు ఆ వివరాలు ఎవరినీ పట్టిపీడించడానికి రాసినవి కావు. పద్ధతిగా, ఓపిగ్గా, మంచి ప్రభుత్వం మంచి ఉద్దేశంతో రాసుకున్నవే. నాజీలు వచ్చాక అవే రిజిస్టర్లు యూదుల ఇళ్లకు దారి చూపించాయి. దొంగ గుర్తింపు కార్డుతో ఎవరైనా తప్పించుకుందామన్నా, రిజిస్టరుతో సరిచూస్తే దొరికిపోయేవారు. నెదర్లాండ్స్ యూదుల్లో దాదాపు నాలుగింట మూడొంతులమంది ప్రాణాలు కోల్పోయారు. రిజిస్టరు తగలబెట్టిన నేరానికి 12 మందిని కాల్చి చంపారు. చిత్రకారుడు అరొండేయస్ వారిలో ఒకడు.

వ్యక్తిగత వివరాల రక్షణ చట్టాల గురించి ఈ పూట మాట్లాడుకుంటున్నాం. ఏ దేశంలో చట్టం ఎలా ఉంది, మన దేశంలో ఎలా ఉంది అని. సెక్షన్ల పట్టికలు చదివితే రేడియోలో ఎవరికీ ఎక్కదు. అందుకని రెండు ప్రశ్నలు పెట్టుకుందాం. ఈ చట్టం ఎవరికి భయపడి పుట్టింది? తీరా పుట్టాక ఎవరి చేతులు కట్టింది? ఏ దేశం చట్టాన్ని చూసినా ఈ రెండూ అడిగితే చాలావరకు విషయం బయటపడుతుంది. మరోసారి చెప్పుకుందాం. ఎవరికి భయపడి పుట్టింది? ఎవరి చేతులు కట్టింది?

యూరప్ భయం ఏమిటో ఇప్పుడే విన్నారు. ఆ భయం యుద్ధంతో పోలేదు. ప్రపంచంలో మొట్టమొదటి వివరాల రక్షణ చట్టం 1970లో వచ్చింది. ఎక్కడ? పశ్చిమ జర్మనీలోని హెస్సె అనే రాష్ట్రంలో. అప్పటికి ఇంటర్నెట్ లేదు, సెల్‌ఫోన్ లేదు. గదులకు గదులు నిండే కంప్యూటర్లు ప్రభుత్వ ఆఫీసుల్లోకి వస్తున్నాయి, అంతే. అది చాలు, జర్మన్లకు గుండె గుభేలుమంది.

1983లో అదే దేశంలో జనాభా లెక్కలు తీయబోయారు. ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి. పైగా సేకరించిన వివరాలను స్థానిక రిజిస్టర్లతో సరిచూసుకోవచ్చని నిబంధన పెట్టారు. జనం ఎదురు తిరిగారు. బహిష్కరణకు పిలుపులు ఇచ్చారు. కొందరు కార్ల్స్‌రూహె నగరంలోని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. ఆ ఏడాది డిసెంబరు 15న తీర్పు వచ్చింది. తన వివరాలు ఎవరికి ఇవ్వాలో, దేనికి వాడాలో తేల్చుకునే హక్కు మనిషికే ఉందని కోర్టు చెప్పింది. కంప్యూటర్ల కాలంలో పనికిరాని వివరమంటూ ఏదీ ఉండదని కూడా చెప్పింది. ఆ జనాభా లెక్కలు చివరికి 1987లో గానీ జరగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం తెలంగాణ వైపు చూద్దాం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. గుర్తుంది కదా? రాష్ట్రమంతా ఒకే రోజు. భివండీ నుంచి, ముంబై నుంచి జనం బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చారు. లెక్కలో పేరు లేకపోతే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అని. జర్మనీలో వివరాలు అడిగితే జనం తలుపులు మూశారు. మన దగ్గర వివరాలు రాయించుకోవడానికి రాత్రంతా ప్రయాణం చేశారు. వారిది భయం, మనవాళ్లది ఆశ. ఈ తేడా గుర్తుంచుకోండి. మన చట్టం దగ్గరికి వచ్చినప్పుడు ఇది మళ్లీ పనికొస్తుంది.

యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కలిసి తెచ్చుకున్న చట్టం పేరు జీడీపీఆర్. 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. మనిషి వివరం తీసుకోవాలంటే చట్టం ఒప్పుకునే కారణం ఒకటి ఉండాలి. ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. అడిగితే చూపించాలి. తప్పుంటే దిద్దాలి. అవసరం తీరాక చెరిపేయాలి. తప్పు చేసిన కంపెనీకి ప్రపంచవ్యాప్త ఆదాయంలో వందకు నాలుగు వంతుల దాకా జరిమానా పడొచ్చు.

‘అడిగితే చూపించాలి’ అన్నదానికి ఎంత బలం ఉందో ఒక కుర్రవాడి కథ చెబుతుంది. పేరు మాక్స్ ష్రెమ్స్. ఆస్ట్రియా దేశస్థుడు, వియన్నాలో లా విద్యార్థి. 2011లో, అంటే జీడీపీఆర్ కూడా రాకముందు, పాత యూరప్ చట్టం కింద ఫేస్‌బుక్‌కు ఉత్తరం రాశాడు. నా గురించి మీ దగ్గర ఏముందో పంపండి అని. ఒక సీడీ వచ్చింది. తెరిచి చూస్తే 1,222 పేజీలు! తాను చెరిపేశాననుకున్న సందేశాలు కూడా అందులో ఉన్నాయి. అతను ఊరుకోలేదు. ఫేస్‌బుక్ యూరప్ కార్యాలయం ఐర్లండులో ఉంది కాబట్టి అక్కడ ఫిర్యాదు చేశాడు. యూరప్‌వాసుల వివరాలు అమెరికా వెళితే అక్కడి నిఘా సంస్థల నుంచి రక్షణ ఏదని నిలదీశాడు. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2015లో ఒకసారి, 2020లో ఇంకోసారి అతని మాటే నిజమంది. రెండు ఖండాల మధ్య కుదిరిన రెండు ఒప్పందాలు కొట్టుకుపోయాయి. చివరికి 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా పడింది. ఒక విద్యార్థి రాసిన ఉత్తరంతో మొదలైన గొడవ ఇది.

కంపెనీల సంగతి సరే. ప్రభుత్వం తప్పు చేస్తే? నెదర్లాండ్స్‌లోనే జరిగింది. పిల్లల సంరక్షణకు ఇచ్చే భత్యం విషయంలో అక్కడి పన్నుల శాఖ వేలాదిమంది తల్లిదండ్రులను మోసగాళ్లని ముద్ర వేసింది. ఇచ్చిన డబ్బంతా తిరిగి కట్టమంది. కుటుంబాలు అప్పులపాలయ్యాయి. అనుమానించడానికి వాడుకున్న వివరాల్లో దరఖాస్తుదారుల జాతీయత కూడా ఉంది. 2021 జనవరిలో ఈ వ్యవహారం మీదే అక్కడి మంత్రివర్గం రాజీనామా చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఆ దేశపు వివరాల రక్షణ సంస్థ సొంత ప్రభుత్వ పన్నుల శాఖకే 27 లక్షల యూరోలకు పైగా జరిమానా వేసింది. గమనించండి. ప్రభుత్వ సంస్థే ప్రభుత్వ శాఖకు జరిమానా వేసింది. చట్టం సర్కారు చేతులు కూడా కట్టింది. యూరప్‌లోనూ దేశభద్రతకు మినహాయింపులు ఉన్నాయి. పోలీసులకు వేరే నియమాలు ఉన్నాయి. అయినా పన్నుల ఆఫీసు చట్టానికి అతీతం కాలేదు.

ఇక అమెరికా వెళదాం. అక్కడ భయం వేరు.

1987లో రాబర్ట్ బోర్క్ అనే న్యాయకోవిదుడిని సుప్రీంకోర్టుకు నామినేట్ చేశారు. వాషింగ్టన్‌లో ఒక వారపత్రిక విలేకరి, బోర్క్ వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునే షాపుకు వెళ్లాడు. ఆయన ఏమేం సినిమాలు తీసుకెళ్లాడో జాబితా అడిగాడు. షాపువాడు ఇచ్చేశాడు! మన ఊళ్లలోనూ ఆ రోజుల్లో వీడియో లైబ్రరీలు ఉండేవి, నోట్‌బుక్కులో పేరు, సినిమా రాసుకునేవారు. అలాంటి జాబితానే పత్రికలో అచ్చయింది. చూడబోతే అన్నీ మామూలు సినిమాలే. కానీ వాషింగ్టన్ నాయకులందరికీ చెమటలు పట్టాయి. రేపు మన జాబితా అచ్చయితే? మరుసటి ఏడే, 1988లో, వీడియో అద్దెల వివరాలు బయటపెట్టకూడదని చట్టం వచ్చేసింది.

అమెరికా పద్ధతి అంతా ఇదే. దెబ్బ తగిలినచోట కట్టు కడతారు. ఆసుపత్రి వివరాలకు 1996లో ఒక చట్టం. పదమూడేళ్ల లోపు పిల్లలకు 1998లో ఒక చట్టం. బ్యాంకులకు ఇంకొకటి. అన్నిటికీ కలిపి దేశమంతటికీ ఒక్క చట్టం మాత్రం నేటికీ లేదు. అదొక అతుకుల బొంత. మధ్యలో చిరుగులు అలాగే ఉన్నాయి.

రాష్ట్రాలే ముందుకొచ్చాయి. కాలిఫోర్నియాలో అలస్టేర్ మాక్‌టాగర్ట్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి ఉన్నాడు. ఒక విందులో గూగుల్ ఇంజనీరు ఒకరితో మాటల్లో పడ్డాడు. మా దగ్గర మీ గురించి ఎంత సమాచారం ఉందో తెలిస్తే మీరు కంగారు పడతారని ఆ ఇంజనీరు అన్నాడట. ఈయన సొంత డబ్బు పెట్టి, సంతకాలు సేకరించి, ప్రజల ఓటుకు పెడతానని బయలుదేరాడు. ఆ ఒత్తిడికి 2018లో శాసనసభ హడావిడిగా చట్టం చేసింది. 2020 నుంచి అమల్లోకి వచ్చింది. శాన్ హోసే, ఫ్రీమాంట్‌లలో ఉండే మన తెలుగువాళ్లు వెబ్‌సైట్ల అడుగున ఒక లైను చూస్తుంటారు, ‘నా వివరాలు అమ్మవద్దు’ అని. ఆ చట్టం ఫలమే అది. యూరప్‌కూ కాలిఫోర్నియాకూ తేడా అక్కడే ఉంది. యూరప్‌లో కారణం చూపి, చాలా సందర్భాల్లో ముందు అడిగి, తీసుకోవాలి. కాలిఫోర్నియాలో తీసుకుంటారు, వద్దంటే ఆపాలి. వద్దనే భారం మనిషి మీదే ఉంది.

ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చిన్నదే కానీ పదునైనది. 2008 నాటిది. మనిషి ముఖం కొలతలు, వేలిముద్రలు రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా సేకరించకూడదు. సేకరిస్తే బాధితుడే నేరుగా కోర్టుకెళ్లి పరిహారం అడగొచ్చు. ఫొటోల్లో ముఖాలను గుర్తుపట్టే ఏర్పాటు పెట్టినందుకు ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. 2022లో పరిహారం కోరిన అక్కడి వినియోగదారుల ఇళ్లకు ఒక్కొక్కరికి 400 డాలర్ల దరిదాపుల్లో చెక్కులు వచ్చాయి. షికాగో పక్కన అరోరా, నేపర్‌విల్‌లలో ఉండే తెలుగు కుటుంబాలు కూడా అప్పట్లో ఈ పరిహారం కోరడానికి అర్హులే. ఎవరి ముఖమో వాళ్లకే డబ్బు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

చైనాలో కథ ఒక జంతు ప్రదర్శనశాల దగ్గర మొదలైంది. హాంగ్‌జౌ నగరంలో లా పాఠాలు చెప్పే గువో బింగ్ అనే అధ్యాపకుడు సఫారీ పార్కుకు ఏడాది పాసు కొన్నాడు. కొన్నప్పుడు వేలిముద్రతో లోపలికి పంపేవారు. 2019లో ఇకమీదట ముఖం చూపించాలి అన్నారు. జంతువులను చూడటానికి నా ముఖం మీకెందుకని ఆయన కోర్టుకు వెళ్లాడు. గెలిచాడు. వెయ్యి యువాన్ల పైచిలుకు పరిహారం ఇచ్చి, ఆయన ముఖం వివరాలు చెరిపేయమన్నారు. పై కోర్టు వేలిముద్రలు కూడా చెరిపేయమంది. 2021 నవంబరులో చైనాలో సమగ్రమైన చట్టం అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది డిడి అనే ట్యాక్సీ కంపెనీకి 800 కోట్ల యువాన్లకు పైగా జరిమానా వేశారు. కంపెనీల విషయంలో ఆ చట్టం మహా గట్టిది. ప్రభుత్వ శాఖల గురించీ అందులో కొన్ని మాటలున్నాయి. కానీ వీధి వీధినా ఉన్న పోలీసు కెమెరాలు ప్రజాభద్రత పేరుతో పనిచేస్తూనే ఉన్నాయి. పార్కును నిలదీసినంత సులువుగా పోలీసులను నిలదీసే దారి అక్కడ లేదు.

ఇప్పుడు మన దేశం. మన చట్టం ఎవరికి భయపడి పుట్టింది?

2012లో 86 ఏళ్ల పెద్దాయన ఒకరు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేశారు. పాత ఆంధ్రప్రదేశ్‌వాళ్లకు ఆయన బి.సి. కమిషన్ అధ్యక్షుడిగా తెలుసు. పార్లమెంటు చట్టం లేకుండా ఆధార్ కోసం జనం వేలిముద్రలు ఎలా తీసుకుంటారని ఆయన ప్రశ్న. గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని కేంద్రం తరఫున వాదించారు. దాంతో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒక్కమాటగా చెప్పారు, గోప్యత ప్రాథమిక హక్కేనని. చూశారా? ఆ పోరాటం ప్రభుత్వం మీద. అడిగిన ప్రశ్న ప్రభుత్వాన్ని.

తర్వాత 2018లో ఆధార్ మీద తీర్పు వచ్చింది. నలుగురు న్యాయమూర్తులు చాలావరకు సమర్థించారు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే విభేదించారు. ఆ ఒంటరి మాట ఇక్కడ ఓడింది కానీ, 2019లో జమైకా కోర్టు తమ దేశపు గుర్తింపు చట్టాన్ని కొట్టేస్తూ అదే తీర్పును ఆధారం చేసుకుంది. మన న్యాయమూర్తి అసమ్మతి సముద్రాలు దాటి గెలిచింది.

ఈలోగా కంపెనీల వైపు నుంచి దెబ్బ పడింది, ముఖ్యంగా తెలుగు నేల మీద. 2020 చివరి నెలలు. కరోనా వల్ల పనులు పోయిన రోజులు. ఫోన్‌లో లోన్ యాప్ దించుకుంటే నిమిషాల్లో అయిదు వేలో పది వేలో చేతికొచ్చేవి. దించుకునేటప్పుడు యాప్ అడిగేది, మీ కాంటాక్టులు చూడొచ్చా, మీ ఫొటోలు చూడొచ్చా అని. అప్పు అవసరం, ‘అలౌ’ అని నొక్కేవారు. వాయిదా దాటితే ఫోన్లు మొదలు. అప్పు తీసుకున్న మనిషికే కాదు, వాళ్ల అమ్మకు, ఆఫీసులో పైఅధికారికి, పాత స్నేహితులకు. ఫొటో పెట్టి, దొంగ అని రాసి అందరికీ పంపేవారు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. బెదిరింపులకు కేసులు పెట్టారు సరే. మరి ఆ కాంటాక్టులు ఊడ్చుకెళ్లినందుకు? దానికి సూటిగా వర్తించే వివరాల రక్షణ చట్టం అప్పటికి మన దగ్గర లేదు. కాంటాక్టుల జోలికి యాప్‌లు వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది.

2023 ఆగస్టులో చట్టం వచ్చింది. అందులో ఒక ఉదాహరణ ఉంది, వినండి. ఒకావిడ ఫోన్‌లో డాక్టరును సంప్రదించే యాప్ దించుకుంది. యాప్ ఆమె వివరాలతో పాటు కాంటాక్టులు కూడా అడిగింది. ఆమె రెండింటికీ సరేనంది. వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆమె సరేనన్నా ఆ అనుమతి చెల్లదని చట్టమే రాసింది. ఇది చాలా మంచి మాట. మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి.

మరి ఆ జరిమానా ఎవరికి వెళుతుంది? ప్రభుత్వ ఖజానాకు. వివరాలు పోగొట్టుకున్న మనిషికి ఈ చట్టం కింద ఒక్క రూపాయి రాదు. పరిహారం అడిగే వీలున్న పాత ఐటీ చట్టం సెక్షన్‌ను కూడా ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక తొలగిస్తుంది. ఇల్లినాయ్‌లో చెక్కు ఇంటికొచ్చింది. యూరప్‌లో పరిహారం హక్కుగా రాసి ఉంది. ఇక్కడ లేదు.

ఇంకా ముఖ్యమైనది, ప్రభుత్వం సంగతి. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో ఈ చట్టం నుంచి తప్పించొచ్చు. సబ్సిడీలు, పథకాల కోసమైతే చాలా సందర్భాల్లో మళ్లీ అనుమతి అడగనక్కర్లేదు. ఫిర్యాదులు తేల్చే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే. సమాచార హక్కు చట్టాన్ని కూడా మార్చారు. వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవడానికి అధికారులకు ఇప్పుడు వెసులుబాటు పెరిగింది. ప్రభుత్వాన్ని ప్రశ్నించి గెలిచిన కేసులోంచి పుట్టిన చట్టం, తీరా వచ్చేసరికి కంపెనీల చేతులు కట్టి ప్రభుత్వం చేతులు వదిలేసింది. ఇది చిన్న లోపం కాదు, మొదటికే మోసం.

ఎందుకు మోసం? పథకాల మీద ఆశతో రాయించుకున్న పేర్లు ఏమవుతాయో చూడండి. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరాలు అందరికీ కనిపించేలా ఉండిపోయాయి. కులం, మతం వారీగా వెతుక్కునే వీలు కూడా ఉంది. ఒక పరిశోధకుడు చూసి చెబితే గానీ తీయలేదు. ఇల్లు వస్తుందని రాయించుకున్నవాళ్లు వాళ్లు. అదే సమయంలో హైదరాబాదు గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో తెలుగు యువతీ యువకులు జీడీపీఆర్ శిక్షణ తీసుకుంటున్నారు. ముక్కూ మొహం తెలియని జర్మన్ ఖాతాదారుడి పుట్టిన తేదీ బయటికి పొక్కకుండా అంత జాగ్రత్త నేర్చుకుంటున్నారు. ఊళ్లో తమ తల్లిదండ్రుల వివరాలకు ఆ జాగ్రత్తలో పదో వంతు కూడా దక్కలేదు.

చట్టం వచ్చినా నిబంధనలు వెలువడింది 2025 నవంబరులో. సంస్థల మీద అసలు బాధ్యతలు పడేది పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో. అప్పటి నుంచి మీరు ఏం అడగొచ్చో నెమ్మదిగా చెప్పుకుందాం. వివరాలు తీసుకునే సంస్థ, ఏ వివరం దేనికో మీకు రాసి చూపించాలి. ఆ రాత తెలుగులో కావాలని మీరు అడగొచ్చు. మళ్లీ చెబుతున్నాం, తెలుగులో అడగొచ్చు, అది చట్టంలోనే ఉంది. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. వివరాలు బయటికి పొక్కితే సంస్థ మీకు చెప్పితీరాలి. మీ తర్వాత ఈ హక్కులు ఎవరు చూసుకోవాలో నామినీని కూడా పెట్టుకోవచ్చు. ఏదైనా తేడా వస్తే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. వాళ్లు పట్టించుకోకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఆన్‌లైన్‌లో వెళ్లాలి.

పరిహారం సంగతి, ప్రభుత్వ మినహాయింపుల సంగతి మీ ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు అడగండి. ఆ సెక్షన్లు మార్చగలిగేది పార్లమెంటే.